వేళ్ల వాటా

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. తాడేపల్లిగూడెంలో మా పక్కవాటా పిన్నిగారు అడిగితే మా అమ్మ, "రక్తానికి సంబంధించిందండీ" అంటుంది. ఆవిడ వెంటనే తన బ్లడ్ గ్రూపు చెబుతారు. నేను గుర్తుపెట్టుకున్నట్టు తల ఊపుతాను.

అసలు సంగతి ఇది. కిడ్నీలు పాడైనవాళ్లకు డయాలసిస్ చేయాలంటే ఒంట్లోని రక్తాన్ని గబగబా యంత్రంలోకి లాగి, శుభ్రం చేసి, తిరిగి పంపాలి. మామూలు సిర అంత రక్తం ఇవ్వలేదు. అందుకని చేతిలో ఒక ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. కొన్నాళ్లకు ఆ సిర బలిసి, తాడులా పైకి తేలి, సూదులకు అనువుగా తయారవుతుంది. దాని మీద వేలు పెడితే లోపల ఎవరో పిండి మర ఆడిస్తున్నట్టు గుర్రుమంటుంది. అలా గుర్రుమన్నంతకాలం అది పనిచేస్తున్నట్టు.

అయితే కొందరిలో ఈ కొత్త దారి ఆశపోతుది. వచ్చిన రక్తమంతా అదే లాగేసుకుంటుంది. కింద వేళ్లకు మిగలదు. వేళ్లు చల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి, ఇంకా వదిలేస్తే పుండ్లు పడతాయి. ఎగువవాడు తూము వెడల్పు చేసుకుంటే శివారు పొలం ఎండినట్టు. గోదావరి కాలవల కింద పుట్టినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. మా వైపు ఈ పోలిక అన్నిటికీ పనికొస్తుంది. పెళ్లి భోజనాల్లో చివరి బంతికి గారెలు అందకపోయినా ఇదే చెబుతారు.

మా పని ఆ తూముకు ఒక ఉంగరం చేయడం. సిర చుట్టూ తొడిగి, మెట్టుమెట్టుగా బిగించి, కావలసినంత మేర ఇరుకు చేసే ఉంగరం. యంత్రానికి చాలినంత వెళ్లాలి, వేళ్ల వాటా వేళ్లకు మిగలాలి. వట్లూరులో కాలేజీల వెనకాల ఒక మేడ మీద మా కార్యాలయం. కింద బిర్యానీ హోటలు. వైద్య పరికరాల చరిత్రలో ఇంత మసాలా వాసన మధ్య జరిగిన పరిశోధన ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

కార్యాలయం అంటే ఇద్దరం. నేనూ, మేడమ్. మేడమ్‌ది కొల్లేరు అంచున ఒక ఊరు. నాన్నగారు మిషను బడిలో మాస్టారు, తమ్ముడికి చేపల చెరువులు. ఆవిడ చాలాకాలం బెంగుళూరులో పెద్ద కంపెనీలో గుండెలోకి పంపే గొట్టాలు తయారు చేశారు. అన్నీ వదులుకుని ఎందుకు వచ్చేశారని ఎవరైనా అడిగితే, "అక్కడ చేప బాగోదండీ" అంటారు. దీని వెనక ఏదో గొప్ప త్యాగం ఉంటుందని నేను చాలా రోజులు ఆశపడ్డాను. తర్వాత ఒకసారి బెంగుళూరులో చేపల పులుసు తిన్నాను. ఆవిడ నిజమే చెప్పారు.

మా గదిలో ఒక బల్ల మీద మనిషి చెయ్యి ఉండేది. కంగారు పడకండి, గొట్టాల చెయ్యి. ఒక పంపు గుండెలా కొట్టుకుంటుంది. అందులోంచి గ్లిజరిన్ కలిపిన ఎర్రనీళ్లు రబ్బరు గొట్టంలోకి వస్తాయి. గొట్టం రెండుగా చీలి, ఒక పాయ ఫిస్టులాకు, రెండోది ఐదు సన్న గొట్టాలకు వెళ్తుంది. ఆ ఐదూ వేళ్లు. చిటికెన వేలు ఎప్పుడూ కారుతూ ఉండేది. "మేడమ్, చిటికెన వేలికి జలుబు చేసిందండీ" అనేదాన్ని. ఆవిడ నవ్వకుండా లేచి దానికి టేపు చుట్టేవారు. రోజూ ఇదే జోకు వేసినా రోజూ లేచి చుట్టేవారు. నా జోకులకు ఇంతకంటే ఓపికైన శ్రోత దొరకలేదు.

ఉంగరం ఇంకా ఎవరి చేతికీ తొడగలేదు. అది బల్ల మీద ఉన్న విషయం. కానీ ఎంత బిగువు కావాలో తెలియాలంటే నిజం చేతులు చూడాలి. ఆసుపత్రి కమిటీ అనుమతి తీసుకుని, ఇష్టపడి వచ్చిన కొందరు డయాలసిస్ పేషెంట్ల వేళ్ల వెచ్చదనం కొలవడం మొదలుపెట్టాం. వాళ్లలో ఒకావిడను డయాలసిస్ యూనిట్లో అందరూ పెద్దమ్మ అనేవారు. ఏలూరు తివాచీల కుటుంబం. వాళ్లింట్లో ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ మగ్గం మీద కూర్చున్నవాళ్లే. ఫిస్టులా ఎడమ మోచేతి దగ్గర. డయాలసిస్ లేని రోజున ఆటోలో వట్లూరు వచ్చి, మా మెట్లెక్కి, ఆయాసం తీరేదాకా నన్ను ఆటపట్టించేవారు.

"ఏమ్మా ఇంజినీరూ, ఆ రబ్బరు చేతికి పెళ్లి కుదిరిందా? ఉంగరం చేస్తన్నారంట?"

"కుదిరిందండీ. కట్నం కింద పంపు అడుగుతున్నారు."

"ఇచ్చెయ్యండి, ఇచ్చెయ్యండి. చెయ్యి మంచిదే, కారడమొకటే లోపం."

మెట్లెక్కి వచ్చిన మనిషికి ముందు టీ ఇవ్వాలి. ఇది మేడమ్ నియమం కాదు, మా జిల్లా నియమం. పెద్దమ్మ చేతికి గ్లాసు ఇచ్చి, కుడిచేతి వేళ్లకు ముందు సెన్సార్లు పెట్టేదాన్ని. కుడి అయ్యాక ఎడమ. వచ్చిన ప్రతిసారీ రెండు చేతులూ దాదాపు సమానంగా, శుభ్రంగా, వెచ్చగా కనిపించాయి. "చెయ్యి ఎలా ఉందండీ?" అంటే "బాగానే ఉందండీ, మీ దయ" అనేవారు. మా దయ ఏమీ లేదు, అయినా వినడానికి బాగుండేది. ఇంత పెద్ద ఫిస్టులా ఉన్నా వేళ్లు ఇంత బాగున్నాయి కదా అని, ఉంగరంలో బాగా బిగించే మెట్లు అనవసరమని తేల్చుకున్నాం. విజయవాడలో ఉంగరం పోతపోసే అచ్చు చేయించడానికి ఆర్డరు కూడా ఇచ్చాం.

తర్వాత ఒకరోజు పాలు విరిగిపోయాయి.

"పెద్దమ్మగారూ, ఇవాళ మీకు టీ యోగం లేదండీ" అన్నాను.

"ఆయ్, పర్లేదమ్మా. అసలే నేను నీళ్లు కొలుచుకు తాగేదాన్ని. మీరిస్తే కాదనలేక పట్టుకుంటాను గానీ, తాగేదెక్కడ?"

కుడిచెయ్యి ఎప్పటిలాగే ఉంది. ఎడమచేతికి సెన్సార్లు పెట్టాను. తెర మీద అంకె చూసి, యంత్రం పాడైందనుకున్నాను. అది నా మొదటి ఆలోచన. ఇంజినీర్లకు మనిషి మీద అనుమానం చివర్లో వస్తుంది. వైరు మార్చాను. నా వేలికి పెట్టి చూశాను, బాగుంది. మళ్లీ ఆవిడ వేలికి పెట్టాను, చల్లగానే చూపించింది. మేడమ్ బల్ల అవతల నుంచి లేచి వచ్చారు.

"ఇందాక ఆవిడ ఏమన్నారు?" అని నన్ను అడిగారు.

"తాగేదెక్కడ అన్నారండీ."

"దానికి ముందు."

"కాదనలేక పట్టుకుంటాను అన్నారు."

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. కుడిచెయ్యి సెన్సార్లలో ఉన్నంతసేపూ ఎడమచేతిలో వేడి గ్లాసు. ఆవిడ తాగరు, తాగకూడదు. కానీ ఇచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని కింద పెట్టరు. ఆ గ్లాసు పట్టుకుని వేళ్లు కాచుకున్నట్టే కాచుకుని, అప్పుడు ఆ చెయ్యి మాకు అప్పగించేవారు. మేం ఇన్నాళ్లూ చాలా జాగ్రత్తగా కొలిచింది టీ వేడిని. కొలత మాత్రం తప్పు కాదు. టీ నిజంగానే బాగా మరిగేది.

మేడమ్ కుర్చీ లాక్కుని ఆవిడ ముందు కూర్చుని, ఆ ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "పెద్దమ్మగారూ, చెయ్యి ఎలా ఉందండీ?"

"బాగానే ఉందండీ."

"నేను మర్యాదకి అడగట్లేదండీ. మీరూ మర్యాదకి చెప్పకండి."

ఆవిడ మా రబ్బరు చేతివైపు చూశారు. తర్వాత చెప్పారు. "మొదట్లో నాకు మెడలో గొట్టం పెట్టారండీ. తల తిప్పుకోడానికి లేదు, తలమీద నీళ్లు పోసుకోడానికి లేదు. అందులోంచి చీము పట్టి, జ్వరమొచ్చి, నేను ఇంక లేననుకున్నారు. తర్వాత ఈ చేతిలో కుట్టారు. ఇప్పుడు ఈ చెయ్యి చల్లబడతందని చెప్తే, డాక్టరుగారు ఇది మూసేసి మళ్లీ మెడకే వస్తారు. అందుకని..."

"మగ్గం మీద ఎలా చేస్తున్నారండీ?"

"ఏం చేస్తన్నానులెండి. ఉన్ని వేలికి తగిలిందో లేదో తెలీట్లేదు. కళ్లతో చూసుకుని ముడి వేస్తన్నా. మెషీను మీద పడుకున్నప్పుడైతే ఉంగరం వేలు నాది కాదనిపిస్తది."

ఇలాంటి సమయాల్లో జోకు వేయడం నా బాధ్యత. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. సరిగ్గా అప్పుడే కింద హోటల్లోంచి "రెండు లెగ్ పీసులూ!" అని గట్టిగా కేక వినిపించింది. ముందు పెద్దమ్మే నవ్వారు. ఆ హోటలువాడికి నా జీతంలో సగం ఇవ్వొచ్చు.

ఆవిడ వెళ్లాక మేడమ్ విజయవాడకు ఫోన్ చేసి అచ్చు ఆపించారు. తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేశారు. నేను కమిటీకి పంపాల్సిన నివేదిక ముందు కూర్చుని, "కొలతలపై పరిసర ఉష్ణోగ్రత ప్రభావం అని రాద్దామాండీ?" అన్నాను.

"టీ గ్లాసు అని రాయి."

"నవ్వుతారండీ."

"నవ్వితే గుర్తుంటుంది. ఇంకోచోట ఇంకొకళ్లు ఇవ్వకుండా ఉంటారు."

అలాగే రాశాను. అంత పరువు తక్కువ వాక్యం కింద అంత మామూలుగా సంతకం పెట్టిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. నేనైతే కనీసం ఆ గ్లాసుకొక శాస్త్రీయ నామం పెట్టేదాన్ని.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరుగారు పెద్దమ్మ చెయ్యి చూశారు. ఆయన ఎంత మెల్లగా మాట్లాడతారంటే, చెడు కబురు కూడా చుట్టం కబురులా ఉంటుంది. ఫిస్టులా మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కారు. దారి మూసుకుంది. చూస్తుండగానే కింద పాలిపోయిన వేళ్లు ఎర్రబడ్డాయి. బొటనవేలు తీశారు, మళ్లీ పాలిపోయాయి. మేం నెలల తరబడి బల్ల మీద కట్టిన గొట్టాల చెయ్యి చెప్పాల్సింది ఆయన బొటనవేలు ఒక్క నిమిషంలో చెప్పింది. నాకు కాస్త బాధేసింది. మేడమ్‌కు మాత్రం మొహం వెలిగింది. "మళ్లీ ఒకసారి నొక్కండి సార్" అని వంగి చూశారు, చిన్నపిల్ల మిఠాయి బండి చూసినట్టు.

"మూసెయ్యం లెండి పెద్దమ్మగారూ" అన్నారు డాక్టరుగారు. "కాస్త ఇరుకు చేస్తామంతే."

"మరీ ఇరుకైపోతే?"

ఆయన దాచలేదు. "రక్తం గడ్డకట్టి ఆగిపోవచ్చండీ. అప్పుడు మళ్లీ మెడలో గొట్టమే. సరిపడా ఇరుకు కాకపోతే వేళ్లకి ముప్పు. రెండిటి మధ్యా చెయ్యాలి."

"అయితే నా చెయ్యి మీ చేతిలో ఉంది" అన్నారు పెద్దమ్మ. మళ్లీ తనే, "ఇది సినిమా డైలాగు కాదు డాక్టరుగారూ, నిజంగానే ఉంది. వదిలితే ముసుగు సర్దుకుంటాను" అన్నారు.

ఆపరేషన్ రోజున పెద్దమ్మ అనుమతితో మమ్మల్నీ లోపలికి రానిచ్చారు. నాకిచ్చిన ఆకుపచ్చ గౌను నాకూ మా మేడమ్‌కూ కలిపి కుట్టినట్టుంది. చెయ్యి వరకే మత్తు, పెద్దమ్మ మెలకువగానే ఉన్నారు. మధ్యలో తెర. డాక్టరుగారు సిరను పైకి తీసి, దాని పక్కన ఒక సన్నని కడ్డీ పెట్టి, రెండిటికీ కలిపి దారం కట్టారు. తర్వాత కడ్డీ లాగేశారు. కడ్డీ ఎంత లావుంటే అంత దారి మిగులుతుంది. ఇది చాలామంది డాక్టర్లు ఎప్పటి నుంచో చేస్తున్న పద్ధతే. మా ఉంగరం చేయాలనుకుంటున్న పని ఇదే.

వేళ్లు ఎర్రబడ్డాయి. నేను సంతోషంతో మేడమ్ మోచెయ్యి పట్టుకోబోయి, ఇక్కడ ఏదీ ముట్టుకోకూడదని గుర్తొచ్చి, నా చెయ్యే నేను పట్టుకున్నాను. కానీ డాక్టరుగారు కదల్లేదు. సిర మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డారు. గుర్రుమనడం దాదాపు ఆగిపోయింది. రక్తం పారే చప్పుడు వినిపించే స్కానింగ్ యంత్రం అప్పటిదాకా వర్షంలో బస్సు వెళ్తున్నట్టు చప్పుడు చేసింది. ఇప్పుడు ఎవరో పక్క గదిలో గుసగుసలాడుతున్నట్టుంది.

"ఏమైందండీ?" అంది తెర అవతలి గొంతు.

"బిగువెక్కువైందండీ. కోసి మళ్లీ వేస్తాను."

"ఒక్క ముడికి ఇంతసేపా డాక్టరుగారూ? మా మగ్గం మీదైతే లేపి పంపేస్తారు."

"నిజమేనండీ" అన్నారాయన. దారాన్ని చాలా నెమ్మదిగా, సిరకు తగలకుండా కోశారు. ఆ కాస్త పనికి పట్టిన సమయంలో గదిలో ఎవరూ గాలి పీల్చలేదు. పెద్దమ్మ మాత్రం పీల్చారు. ఆవిడకు కనపడటం లేదు కదా. కొంచెం లావు కడ్డీ పెట్టి మళ్లీ కట్టి, లాగేశారు. యంత్రంలో బస్సు తిరిగొచ్చింది, ఈసారి మరీ వేగంగా కాకుండా. వేళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"వేళ్లు ఎలా ఉన్నాయండీ?" అన్నారు డాక్టరుగారు.

"మత్తులో ఏం తెలుస్తదండీ? మీరే చూసి చెప్పండి" అన్నారు పెద్దమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మెడ జోలికి రారు కదా?" అన్నారు.

"రామండీ."

బయటికొచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చుని మేడమ్ మొహం చేతుల్లో పెట్టుకున్నారు. కన్నీళ్లు వస్తాయేమోనని రుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ అన్నది ఇది: "ముడి కోసి మళ్లీ వెయ్యాల్సొచ్చింది చూశావా? మన ఉంగరం బిగుసుకోడమే గానీ వదులవ్వదు. వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులా ఒకటే దారి. అది పనికిరాదు. వెనక్కి వచ్చే మెట్టుండాలి."

అంటే అప్పటిదాకా చేసిన నమూనాలన్నీ చెత్తబుట్టకే. ఆ మాట ఆవిడ, ఇవాళ కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా అన్నారు. రుమాలుతో నా మొహమే తుడుచుకున్నాను.

తర్వాతి ఆదివారం నమూనాల పని మీద కొల్లేరు వైపు మేడమ్ వాళ్లింటికి వెళ్లాను. తమ్ముడిగారి చేపల చెరువు గట్టు మీద నడిచాం. తూము దగ్గర గాడిలో చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నీళ్లు ఎక్కువైతే ఒక చెక్క తీస్తారు, తక్కువైతే ఒకటి వేస్తారు. నేను నిలబడిపోయాను. "మేడమ్! వెనక్కి వచ్చే మెట్టు ఆలోచన మీకు ఇక్కడి నుంచే వచ్చింది కదూ? ఎప్పటికైనా పత్రికవాళ్లు అడిగితే ఇదే చెబుదాం. పైన కొంగలు కూడా ఉన్నాయండీ."

"ఆపరేషన్ గదిలో వచ్చింది. నువ్వూ ఉన్నావుగా" అన్నారావిడ. "కొంగలు చేపలు తింటాయి. మా తమ్ముడి ముందు వాటిని పొగడకు."

కొత్త ఉంగరంలో ఆ మెట్టు పెట్టడానికి ఆవిడ పడ్డ శ్రమ నేను దగ్గరుండి చూశాను. వదులైతే జారకూడదు, బిగిస్తే సిరను కొరకకూడదు. గీసి, చేయించి, బల్ల మీద పెట్టి, పనికిరాదని పక్కన పడేసి, మళ్లీ గీసేవారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుగు భాగం నాకు ఒప్పగించారనుకుంటాను. అదింకా పూర్తి కాలేదు. పరీక్షలు చాలా ఉన్నాయి, మనిషి చేతిదాకా రావడానికి సమయం పడుతుంది. పెద్దమ్మ చేతిలో ఉన్నది ఆ రోజు వేసిన దారం ముడే.

ఆ ముడి ఎలా ఉందో చూడ్డానికి కొన్ని వారాల తర్వాత ఏలూరులో వాళ్లింటికి వెళ్లాం. డయాలసిస్ బాగా నడుస్తోందని యూనిట్లో ముందే చెప్పారు. ఇంట్లో ముందు గదంతా మగ్గమే. గోడకు నిలబెట్టిన దారాల ముందు పలక మీద పెద్దమ్మ కూర్చుని ఉన్నారు. ముడులు వేస్తూ కనిపిస్తారనుకున్నాం. ఆవిడ ఊడదీస్తున్నారు.

"ఏమైందండీ?" అన్నారు మేడమ్ కంగారుగా. ఆవిడ కంగారుపడటం నేను చూడటం అదే మొదలు. "వేళ్లు మళ్లీ..."

"వేళ్లు బాగున్నాయండీ. మర్యాదకి కాదు, నిజంగానే." ఎడమచెయ్యి చాచి మేడమ్ చేతిలో పెట్టారు. "బాగయ్యాక తడిమితే తెలిసింది. తిమ్మిరున్నప్పుడు వేసిన వరసలన్నీ వదులు. అప్పుడు గట్టిగానే వేస్తన్నాననుకున్నా."

వాళ్ల కోడలు వంటింట్లోంచి, "కొనేవాళ్లు అంత చూడరండీ, మీరైనా చెప్పండి. వింటేగా!" అంది.

"నువ్వు పప్పు చూసుకో. అడుగంటుతోంది" అన్నారు పెద్దమ్మ.

మేడమ్ చెప్పులు విడిచి పలక మీద ఆవిడ పక్కన సర్దుకున్నారు. ఎక్కడ పట్టి లాగాలో అడిగి, ఒక్కో ముడి తీయడం మొదలుపెట్టారు. నాకు రెండో చివర ఇచ్చారు. నేను తీసిన మొదటి ముడే మంచి వరసలోదని పెద్దమ్మ నా చేతి మీద ఒక్కటి వేశారు. ఎడమచేత్తోనే వేశారు. గట్టిగానే తగిలింది.

వదులు వరసలన్నీ ఊడేసరికి తాడేపల్లిగూడెం వెళ్లే నా రైలు వెళ్లిపోయింది. పెద్దమ్మ ఉన్ని తుంపులు ఒళ్లోంచి దులుపుకుని, కొత్త వరసలో మొదటి ముడి వేసి, దాన్ని వేలికొసతో అటూ ఇటూ జరిపి చూశారు.

"ఇది ఉండనీ" అన్నారు.